చెప్పులు విప్పాల్సిన పచ్చిక

ఉక్కునగరంలో క్వార్టరు వచ్చినప్పుడు కాసులమ్మకి అన్నీ నచ్చాయి, వాకిట్లో గడ్డి తప్ప. మేపడానికి మేకా లేదు, ఆరేసుకోవడానికి వలా లేదు, మరి ఇంత జాగాలో ఈ గడ్డెందుకని మొగుడు అర్జునరావుని అడిగింది. "దీన్ని లాన్ అంటారే. అందం కోసం," అన్నాడతను షిఫ్టుకి సైకిలు తీస్తూ. జాలరిపేటలో పుట్టి, నెత్తిన తట్టతో వీధి వీధీ చేపలమ్మిన మనిషి ఆమె. అందం కోసం గడ్డి పెంచుకునే జనం ఉంటారని అప్పుడే తెలిసింది.

ఆ గడ్డి మీద ఆమె మనసు మారింది దేవి వల్ల. దేవి ఆమె ఆరేళ్ళ కూతురు. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. గచ్చు మీద నాలుగడుగులు వేసి పడేది, మోకాళ్ళు చీరుకునేది, ఆ తర్వాత ఎంత బతిమాలినా గోడ వదిలేది కాదు. "మెత్తటి చోట, వట్టి కాళ్ళతో నడిపించమ్మా. పడతానన్న భయం పోవాలి ముందు," అన్నాడు డాక్టరు. మెత్తటి చోటు ఇంటి ముందే ఉంది. ఇక అందం సంగతి గంగలో కలిసింది. ఆ గడ్డి దేవి నడక కోసం.

అప్పట్నుంచి తెల్లారితే చాలు, కాసులమ్మ ముందు తానే చెప్పుల్లేకుండా పచ్చికంతా మూల మూలా తొక్కేది. కాలికి పల్లేరు కాయ గుచ్చుకుంటే మొక్కని వేళ్ళతో సహా పెకిలించేది. బంతి తగిలి పక్కింటి కిటికీ అద్దం పగిలితే గోనె పరుచుకుని కూర్చుని గడ్డిలో పడ్డ పెంకులన్నీ ఏరింది. పాములు దాక్కోకుండా అంచుల్లో పొదలు కొట్టేసింది. ఎండాకాలంలో గడ్డిని మరీ పొట్టిగా కోయనిచ్చేది కాదు, నేల కాలితే పిల్ల అరికాళ్ళు కాలతాయని. ఇక ఎవరైనా చెప్పులతో అడుగుపెట్టారా, అయిపోయారే.

"సెప్పులిప్పండి ముందు! రోడ్డు మీది మేకులూ గాజుముక్కలూ మోసుకొచ్చి నా గుంట దేవి కాళ్ళకి గుచ్చుతారేటి?"

ఆ క్వార్టర్ల వరసలో గయ్యాళి అని పేరొచ్చింది. రానీ అనుకుంది. పేరు కోసం గడ్డి పెంచడం లేదు కదా.

తప్పూ చేసింది, చిన్న తప్పు కాదు. వాళ్ళ పేటలో నడక రాని పిల్లల్ని ఒడ్డున తడి ఇసకలో నడుము దాకా పాతి నిలబెడతారు. ఏ డాక్టరేం చెప్పినా కాసులమ్మ మనసులోంచి అది పోలేదు. పచ్చిక నడుమ గొయ్యి తవ్వి, సముద్రపు ఇసక బస్తాల్లో తెచ్చి నింపింది. ఆ నీళ్ళయితేనే కాలికి బలమని డబ్బాలతో సముద్రపు నీళ్ళూ మోసుకొచ్చి రోజూ పోసింది. దేవి అందులో హాయిగా నిలబడేది. గొయ్యి చుట్టూ గడ్డి మాత్రం పసుపు తిరిగి, తర్వాత గరగరలాడే ఎండుగడ్డయింది.

"ఉప్పే. నీ సముద్రమే తినేసింది దీన్ని," అన్నాడు అర్జునరావు.

కాసులమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తన కూతురి మెత్తటి నేలని తన చేతులతోనే చంపానని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. తెల్లారి పలుగు పట్టుకుంది. ఇసకంతా తోడిపోసింది, మంచి మట్టి నింపింది, కుళాయి వచ్చినంతసేపూ బిందెలతో నీళ్ళు కుమ్మరించి ఉప్పు కడిగింది. బాగున్న చోటి నుంచి గడ్డి కణుపులు తుంచి నాటింది.

అవింకా వేళ్ళు పట్టకముందే గురునాథరావు దిగాడు. వరస చివరింటాయన. తోటల పోటీలో తమ వరసకే కప్పు రావాలని ఆయనకి పట్టుదల. ఎవరూ నియమించకుండానే అందరి వాకిళ్ళకీ పెద్దయ్యాడు.

"ఇది బాగయ్యేది కాదు కాసులమ్మా. మందు కొట్టి మొత్తం చంపేసి కొత్త గడ్డి పరిపిద్దాం. వరసంతా కొట్టిస్తున్నాం."

"మరి నా గుంట ఎక్కడ నడుత్తాది?"

"కొన్నాళ్ళు ఇంట్లో నడిపించు."

"ఇంట్లో పడితే మళ్ళీ గోడ పట్టుకుంటాది బాబూ. ఆ గోడ ఒదిలించడానికి నానేటి పడ్డానో మీకేటి తెలుసు?"

ఆయన వింటే కదా. మర్నాడు పొద్దున్నే మందు కొట్టే సన్యాసిరాజుని వెంటబెట్టుకొచ్చాడు. వీపున పంపు, కాళ్ళకి గమ్‌బూట్లు, ముక్కుకి గుడ్డ. కాసులమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది.

"ఏమీ కాదమ్మా, ఆరిపోతే అయిపోయింది," అన్నాడు గురునాథరావు.

"ఏటీ కాదా? అయితే కొట్టించండి. కొట్టాక మీరు బూట్లూ మేజోళ్ళూ ఇప్పి ఆ సివర నుంచి ఈ సివరకి నడవండి. మీ ఎనకే నా గుంటని నడిపిత్తాను."

గురునాథరావు తన బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత సన్యాసిరాజుకేసి చూశాడు.

"నన్ను సూత్తారేటి బాబూ," అన్నాడు సన్యాసిరాజు ముక్కుగుడ్డ కిందికి లాగి. "నానైతే ఇప్పను."

పంపు పక్కింటికి కదిలింది. కాసులమ్మ పక్కింటి వైపు గోనెలు తడిపి అడ్డం కట్టింది. గాలికి తుంపర ఇటు రాకూడదు.

పోటీ రోజు నాటికి నడుమనున్న మచ్చ పూర్తిగా పూడలేదు. అక్కడక్కడా పచ్చటి మొలకలు, మిగతాదంతా మట్టి. "కనీసం పిల్లనైనా లోపల ఉంచు," అని కబురంపాడు గురునాథరావు. ఆ మాటకి కాసులమ్మ ఒళ్ళు మండిపోయింది. దేవికి తల దువ్వి, మంచి గౌను తొడిగి, తలుపులు బార్లా తీసింది.

పోటీకి మార్కులెయ్యడానికొచ్చిన పెద్దమనుషులు గేటు దగ్గర ఆగారు. గురునాథరావు ఏదో సర్దిచెబుతుండగా దేవి గోడ వదిలింది. గడ్డి మీద అడుగులు వేసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ మచ్చ దగ్గర బోర్లా పడింది. కాసులమ్మ పరిగెత్తుకెళ్ళి చెయ్యి చాచింది.

"సెయ్యి తియ్యమ్మా. నానే లేత్తాను."

అరచేతులు ఆనించి, నడుం పైకెత్తి, ఊగుతూ లేచి నిలబడింది. గౌనంతా మట్టి. కాసులమ్మకి కళ్ళ నిండా నీళ్ళు. ఇంతలో ఆ వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన గేటు తోసుకుని లోపలికి అడుగు వెయ్యబోయాడు.

దేవి ఆయన బూట్లకేసి చూసింది.

"సెప్పులిప్పి రండి," అంది.