బీడు అని రాసిన వాలు

రెండువేల దశకం తొలినాళ్ల మాట. సముద్రంలో ఒక ఓడకి లంగరేసి, దాన్నే గ్యాస్ టెర్మినల్‌గా వాడాలని మా కంపెనీ పథకం. బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్ అందులోకి వస్తుంది. దాన్ని మళ్లీ వేడిచేసి, పైపులో కొండల అవతలి ఫ్యాక్టరీకి పంపాలి. ఆ పైపు దారి కొలిచే సర్వే ఇంజనీరుని నేను. ఓడ ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి కెరటాల్నీ గాలినీ ఏడాది పాటు కొలిచారు మహానుభావులు. గుమ్మలక్ష్మీపురం పైకొండలకి మాత్రం నాకిచ్చింది నాలుగు రోజులు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో రోజు ఒక వాలు మీద తుప్పలు తప్ప ఏమీ కనబడలేదు. ఫారంలో ‘బీడు, సాగు లేదు’ అని రాసేశాను. మాకు దారి చూపిస్తున్న కొండ రైతు, నడివయసు ఆవిడ, ఏం రాశానని అడిగింది. చదివి వినిపించాను.

“బీడేటి బాబూ? పంట తీసి మూడేళ్లు వొదిలీసినాం. నేల అలిసిపోద్ది కదా. వొచ్చే యేడు తుప్ప కొట్టి సామలు సల్లుతాం.”

పోడు పద్ధతే అంత. పార్వతీపురంలో పుట్టి పెరిగి, ఆ ముక్క నాకు తెలీదు. నా చదువు తగలెయ్య!

దిద్దుతానని ఆవిడకి మాటిచ్చాను. కిందికి దిగాక మా పెద్ద ఇంజనీరుకి చెప్తే, ఫారంలో వదిలిపెట్టిన పొలం అనే గడి లేదన్నాడు. సాగుభూమి అని రాస్తే పైపు దారి మళ్లీ గీయాలట. ఓడ కోసం ఎన్నిసార్లు గీయలేదూ అని గట్టిగానే అడిగాను. ఆయన ఫారం నా ముందుకి తోశాడు. దిద్దకుండానే సంతకం పెట్టాను. ఆయన మీద సగం కోపమే. మిగతా సగం నా మీద.

చివరికి ఓడా రాలేదు, పైపూ రాలేదు. కాగితం మాత్రం సర్కారు ఫైల్లో మిగిలింది. కొన్నేళ్లకి కొండ పొలాలకు పట్టాలిస్తున్నారని ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ వాలు తమ సాగులోనే ఉందని సాక్ష్యం చెప్పమంది. అదేదో పాపం కడుక్కున్నట్టు హుషారుగా వెళ్లాను. అక్కడి ఆఫీసరు ఫైలు తిప్పి, నా ఫారమే నాకు చూపించాడు.

“అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు చెబుతున్నారా?”

అప్పుడేనండీ అన్నాను. నోటిమాటతో సంతకాన్ని కొట్టెయ్యలేమన్నాడు. ఇకమీదట ఆ వాలు మీద కత్తి పెట్టొద్దని ఆవిడని హెచ్చరించాడు.

ఆవిడకి చదవడం రాదు. ఆ కాగితం నాదేనని, దిద్దుతానన్న మాట దిద్దలేదని బయటికొచ్చాక నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

“అయితే ఈ యేడు ఎక్కడ సల్లమంటావు బాబూ?” అని అడిగింది.