పెళ్లిపీటకు పెట్టిన బెల్లం

నా పెళ్లి ముహూర్తం దాకా వచ్చి ఆగిపోబోయింది. జాతకాలు కుదరక కాదు, పెట్టుపోతల దగ్గర మాట తేడా వచ్చీ కాదు. పిడికెడు బెల్లం వల్ల. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. ఆ రోజు నేను నవ్వడానికీ ఏడవడానికీ కూడా వీల్లేని చోట కూర్చుని ఉన్నాను గనుక నా వంతు కూడా మీరే నవ్వుకోండి.

ముందు నా చేతుల సంగతి చెప్పాలి. అతికించే పనంటే నాకు చిన్నప్పటి నుంచీ వణుకు. మేకు వంకరపోతే పీకి మళ్లీ కొట్టుకోవచ్చు. ముడి తప్పుపడితే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. జిగురు అలా కాదు. ఒకసారి పట్టిందంటే మన తెలివితక్కువతనాన్ని పదిమందికీ చూపిస్తూ అలాగే ఉండిపోతుంది. నేను పతంగి అతికిస్తే దాని తోక నా మోచేతికి అంటుకునేది. పుస్తకానికి అట్ట అతికిస్తే పేజీలన్నీ ఒక్కటై పుస్తకం ఇటుక అయ్యేది. అందుకే మా సూర్యాపేట ఇంట్లో ఏది విరిగినా మొదట వినిపించే మాట, "వాణ్ని మాత్రం పిలువకున్రి."

నిజాం జమానా ముగిసి, ఊళ్లలో గడబిడ సద్దుమణిగి, పెళ్లిళ్లలో మళ్లీ భయం లేకుండా బాజాలు మోగుతున్న ఎండాకాలం అది. నాకు కోదాడ పిల్ల సుభద్రను ఖాయం చేశారు. పిల్లను చూసొచ్చిన మా నాయనమ్మ, "పిల్ల బంగారం. జర పొడుగుంటది, గంతే" అన్నది. ఆ 'జర' నా గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే నేను జర పొట్టి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లి కోదాడలో జరిగినా కాశీలో జరిగినా మా ఇంటి మగపిల్లవాడు మా టేకుపీట మీదే కూర్చోవాలి. తాతల నాటి పీట. దానికి పసుపు రాసి, ముగ్గు గీతలు దిద్ది, దేవుడి గూటి కింద పెడతారు. "పీట ఇరిగితె పెండ్లి ఇరిగినట్టే" అని నాయనమ్మ మాకు ఉగ్గుపాలతోనే చెప్పింది. ఆమె అన్నంత పనీ చేస్తుంది కూడా.

పెళ్లి దగ్గర పడిన ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. కొత్త తలపాగా చుట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇంకొంచెం ఎత్తుంటే ఆ పిల్ల పక్కన ఎలా ఉంటానో చూసుకోవాలనిపించింది. పీట తెచ్చి ఎక్కాను. బాగున్నాను. మునివేళ్ల మీద లేచాను. ఇంకా బాగున్నాను. అప్పుడే కింద టక్కుమంది. పీట అడుగున ఉన్న రెండు కాళ్లలో ఒకటి ఊడి మూలకు పోయింది.

సరిగ్గా అదే సమయానికి, పెళ్లికని ముందే బయలుదేరిన మా అక్క మొగుడు, మిర్యాలగూడెం బావ, గడపలో కాలు పెట్టాడు.

"ఏంది బామ్మర్ది, పెండ్లి కాకముందే కాళ్లిరగ్గొడుతున్నవ్?"

"బావా, నీకు దండం పెడుత. నాయనమ్మకు తెలిస్తె పెండ్లి ఆపుతది. పీటలు జేసే వడ్లాయన తానకు తీస్కపోదామా?"

"వడ్లాయన తానకు పోతె పొద్దుగూకేసరికి సూర్యాపేటంత తెలుస్తది. పైంగ ఆయన పెట్టేది సరేసు. తోళ్లు ఉడకబెట్టి తీస్తరు దాన్ని. మీ నాయనమ్మ ముక్కు సంగతి నీకెర్కలేదా?"

నాయనమ్మ ముక్కు సంగతి నాకు బాగా ఎరుక. పక్కింట్లో ఉల్లిగడ్డ కోస్తే ఈ ఇంట్లో స్నానం చేసే మనిషి ఆమె.

"మరెట్ల?"

"సున్నం, బెల్లం. ఖిల్లాలు గట్లనే కట్టిన్రు. ఇన్నేండ్లాయె, ఒక్క రాయన్న కదిలిందా?"

"అయితె నువ్వే అతికియ్యి బావా. నా చేతులు వణుకుతయి."

"గింత దానికే వణికితె రేపు సంసారం ఎట్ల జేస్తవ్? భయపడేటోనికి ఏదీ అతకది. సున్నం ఎక్కువ, బెల్లం సిటికెడు. కలుపు, పెట్టు, మీద బరువు పెట్టు, మర్సిపో."

ఇంత చెప్పి బావ తుండుగుడ్డ పరచుకుని పడుకున్నాడు. చెప్పడంతోనే ఆయన వంతు పని పూర్తవుతుంది. మా అక్క కాపురమంతా అలాగే సాగింది.

నేను సున్నం తీసుకున్నాను. చిటికెడు బెల్లం కలిపాను. ఈ చిటికెడు నిలుస్తుందా అని అనుమానం వచ్చి ఇంకో చిటికెడు వేశాను. పొడుగు పిల్ల గుర్తొచ్చి ఇంకొంచెం వేశాను. మేనత్తలు, మేనమామలు, కోదాడ జనమంతా కళ్ల ముందు మెదిలారు. మొత్తం మీద పిడికెడు పడింది. భయమున్నవాడికి చిటికెడంటే అంతే మరి. కాలి కొనలు దిగే, పలక పైదాకా ఉన్న బెజ్జాల నిండా దాన్ని కూరి, కాలు బిగించి, పైకి ఉబికింది తుడిచి, మీద పసుపు పూసి, రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టాను.

తెల్లారి చూస్తే కాలు నిలిచింది. ఊపి చూశాను, కదల్లేదు. నా జన్మలో నేను అతికించింది ఒకటి అతికింది. ఆ సంతోషం ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంకా విరిగినవేమైనా ఉన్నాయేమోనని ఇల్లంతా తిరిగాను. ఒక్కటీ దొరకలేదు. మా వాళ్లు వస్తువులను మరీ అంత జాగ్రత్తగా వాడుతున్నందుకు విసుగొచ్చింది.

కోదాడకు బస్సులో పోయాం. నేను లోపల కూర్చున్నాను, పీట టాపు మీద కూర్చుంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. పైన నా పనితనం పాకమవుతున్న సంగతి నాకేం తెలుసు.

పందిట్లో పీట మీద కూర్చున్నాను. సుభద్రకూ నాకూ మధ్య తెర పట్టారు. పంతులు మంత్రం ఎత్తుకున్నాడు. తొడ కింద చురుక్కుమంది. తర్వాత ఇంకోచోట. తల వంచి చూస్తే ఎర్రచీమలు, పెళ్లివారికంటే బారుగా వస్తున్నాయి. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోమంటారే, బెల్లం పెట్టిన పీట మీద కూర్చుని చూడమనండి వాళ్లను. కదలకపోతే చీమలు కుడుతున్నాయి. కదిలితే కాలు కిర్రుమంటోంది.

"నాయనా, కదలకు" అన్నాడు పంతులు.

"ఏందిరా, గట్ల మెలికలు తిరుగుతున్నవ్?" అన్నది వెనక నుంచి నాయనమ్మ.

"ఏం లేదు నాయనమ్మా, ఉక్క పోస్తుంది."

అవతల సుభద్ర మేనమామ లేచి నిలబడ్డాడు. మా నాన్నతో, "బావగారూ, అబ్బాయికి వణుకు జబ్బేమన్నా ఉందా? ఉంటే ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"మావోనికి ఏ జబ్బు లేదు" అన్నాడు నాన్న.

"మరి ఆ ఊగుడేంటి? సంగతి తేలేదాకా పంతులు గారు మంత్రం ఆపండి."

బాజా ఆగింది. నా ప్రాణం కూడా దాదాపు ఆగింది. చీమలని చెబితే పీట ఎత్తి చూస్తారు, అతుకు బయటపడుతుంది, నాయనమ్మ పెళ్లి ఆపుతుంది. చెప్పకపోతే మేనమామ ఆపుతాడు. బావ వైపు చూశాను. ఆయన పందిరి ఆకులను అంతకుముందెప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

తెర వెనక నుంచి సన్నని గొంతు వినిపించింది. "ఈ చీమలు మీ వైపు నుంచే వస్తున్నయ్. పీటలో ఏముంది?"

"బెల్లం" అన్నాను పెదవులు కదపకుండా.

"పీటకు బెల్లమెందుకండీ?"

"కాలిరిగింది. అతికిచ్చిన. ఎవ్వరికీ చెప్పకు."

నన్ను చేసుకోవాలా వద్దా అని అప్పుడే ఆలోచించి ఉంటుంది. తర్వాత అందరికీ వినబడేలా, "మామయ్యా, జబ్బేమీ కాదు. చీమలు. నన్నూ కుడుతున్నయి. జీలకర్ర బెల్లం పళ్లెం ఇక్కడే పెట్టారుగా" అంది.

పందిరంతా నవ్వింది. మేనమామ కూర్చున్నాడు. పంతులు పళ్లెం జరిపి, ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టాడు. ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టాం. తెర తీశారు. నెత్తిన బెల్లం, కింద బెల్లం, ఎదురుగా సుభద్ర. నవ్వు బిగబట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఈమె కోసమైతే ఎన్ని చీమలు కుట్టినా ఫర్వాలేదనిపించింది. నిజంగానే అనిపించింది.

తాళి కట్టడానికి లేచాను. పీట కూడా నాతోపాటు లేచింది. కాలు మాత్రం నేల మీదే ఉండిపోయింది. అతకాల్సిన కాలు అతకలేదు గానీ, బెజ్జంలోంచి కరిగి పైకొచ్చిన బెల్లం నా పట్టుధోవతిని మాత్రం బ్రహ్మాండంగా పట్టుకుంది. అందరూ చూస్తుండగా పీట ఒక్క క్షణం వేలాడి దబ్బున కింద పడింది.

నాయనమ్మ వచ్చింది. పీటను తిప్పి చూసింది. వేలితో బెజ్జం తడిమి వాసన చూసింది. తాళి నా చేతిలోనే ఉంది.

"బెల్లం ఎక్కువైంది" అన్నది. "మీ తాత గూడ గిట్లనే ఎక్కువేసిండు."

"తాతనా?"

"అద్దం ముంగట దీన్ని ఎక్కిండు, ఇరగ్గొట్టిండు, అతికిచ్చిండు. మీ నాయన గూడ గంతే. పొట్టోళ్ల ఇంట్ల పీటకు కాలెట్ల నిలుస్తదిరా? నిలవడ్డవేంది, తాళి కట్టు."

నాన్న కూడా బావ పక్కన చేరి పందిరి ఆకులు చూడసాగాడు.

మూడు ముళ్లు పడ్డాక ఉండబట్టలేక అడిగాను. "మరి పీట ఇరిగితె పెండ్లి ఇరుగుతదంటివి గద నాయనమ్మా?"

"గట్ల భయం జెప్పకుంటె మీరు దాన్ని రోజు ఎక్కుతరు" అన్నది.

ఇప్పటికీ మా ఇంట్లో ఏది విరిగినా సుభద్ర ముందు బెల్లం డబ్బా దాచి, తర్వాత నన్ను పిలుస్తుంది. అందుచేత అగ్నిసాక్షిగా, ఎర్రచీమల సాక్షిగా, సకల బంధుజనం ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బెల్లం పెట్టి దేన్నీ అతికించను. జీలకర్ర కలిపి ఒక్కసారి పెట్టాను, అది చాలు. అదొక్కటే ఇంకా ఊడలేదు.