ఓబుళేశు చేసిన తుమ్మకర్ర గుర్రం

రాజంపేటకు పది కిలోమీటర్ల దూరంలోని పల్లెలో వడ్రంగి ఓబుళేశు నలభై ఏళ్లపాటు ఎద్దులబండ్లు చేశాడు. ట్రాక్టర్లు వచ్చాక బండ్లు అడిగేవారు లేరు. నిరుడు వేసవిలో నాలుగేళ్ల మనవరాలు రమణి ఊగే గుర్రం కావాలని అడిగితే, పెరట్లో విరిగి పడివున్న తన సొంత బండినే విప్పాడు. ఆ బండి తుమ్మకర్రది. చక్రపు అంచులోని వంపు ముక్కలను మూడేసి చొప్పున చీలలతో బిగించి, గుర్రం ఊగడానికి కాళ్ల కింద రెండు వంపు పట్టీలు చేశాడు. ఇరుసు మీది దిమ్మెను పొట్టగా చెక్కాడు. బొమ్మలు చేయడం ఆయనకు తెలియదు. తెలిసింది బండి పనే. అందుచేత కొత్త బండికి పూసినట్టే ఎర్రమన్నూ నూనే కలిపి రెండు పూతలు పూశాడు.

ఎర్రచందనం కొండల కింద ఉన్న ఊళ్లో అది పొరపాటు.

మూడో రోజు అటవీ శాఖ గస్తీ గార్డు నాగరాజ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎవరో ఫోన్ చేశారన్నాడు, ఎవరో చెప్పలేదు. ఓబుళేశు ఎదురింటి కిటికీని చూశాడు, తర్వాత టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"ఏమప్పా, ఈ దుంగ యాడిది?"

"దుంగ కాదు సార్, గుర్రం."

"గుర్రమైతే గడ్డి వెయ్, తింటాదేమో చూస్తాం. ఎర్రచందనం కాదని నువ్వే చూపించు. లేదంటే ఇదీ వస్తాది, నువ్వూ వస్తావు."

నేరం మోపినవాడే దాన్ని రుజువు చేయాలని పుస్తకాల్లో చదువుకుంటాం. అడవి సరుకు దగ్గర ఆ నియమం తలకిందులవుతుంది: కర్ర ఎవరింట్లో దొరికిందో, అది సర్కారుది కాదని వాడే నిరూపించుకోవాలి. లారీల్లో దుంగలు దాటించేవారికి వకీళ్లుంటారు. ఓబుళేశుకు ఉన్నవి ఉలి, బాడిశ.

గుర్రం చెవి నరికి చూపమన్నాడు గార్డు.

"చెవి వద్దు సార్. బిడ్డ ఏడుస్తాది."

పొట్ట అడుగు నుంచి బాడిశతో వేలెడు చెక్క తీశాడు. కూతురు శివజ్యోతి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎర్రచందనమైతే మునగాలి. చెక్క తేలింది. నాగరాజ్ వేలితో రెండుసార్లు ముంచాడు. రెండుసార్లూ పైకి వచ్చింది.

"సరేలే. ఈడ సంతకం పెట్టు," అని తెల్లకాగితం చాచాడు.

"ఏమీ రాయలేదే సార్."

"ఆఫీసులో రాసుకుంటాంలే."

"నా దగ్గర బండి కొన్నోడు చక్రాలు రెండుండాయా అని చూసుకొనే తోలుకపోతాండె. నేనూ చూసుకొనే పెడతా."

గార్డు విసుగ్గా ఒక వాక్యం రాశాడు. శివజ్యోతి పైకి చదివింది: కర్ర వస్తువు ఒకటి తనిఖీ చేయడమైనది.

"తుమ్మ అనే మాట యాడుండాది?" అన్నాడు ఓబుళేశు.

"నీకు శానా తెలివుండాదే."

"తెలివి కాదు సార్. భయం."

మరో కాగితం తీయవలసి వచ్చింది. ఈసారి తుమ్మకర్ర గుర్రమని, నీటిలో తేలిందని, ఎర్రచందనం కాదని రాసి, తేదీ వేసి, ముందు గార్డే సంతకం చేశాడు. కూతురు దాన్ని మళ్లీ చదివి, ఫోన్‌లో ఫొటో తీశాక, అక్షరాలకు ఆనించి, మధ్యలో మరో వరుసకు చోటు లేకుండా, ఓబుళేశు తన పేరు రాశాడు.

రమణి గుర్రం ఎక్కబోయింది. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. మోటారు సైకిల్ చప్పుడు మలుపు దాటి పూర్తిగా అణిగేదాకా ఆ చెయ్యి తీయలేదు. తర్వాత వీధి తలుపు మూసి, గడియ వేసి, బిడ్డను ఎక్కించాడు.