గుడుపల్లె కంతు మూడోసారి

బ్యాంకు ఖాతాలో డబ్బు చాలక వెనక్కి తిరిగొచ్చిన కంతులను వసూలు చేయడం నా పని. అప్పు తీసుకున్నవాళ్ల ఖాతాలోంచి ప్రతి నెల ఐదో తేదీ పొద్దున కంతు దానంతటదే పోవాలి. పోకపోతే ఫైనాన్సు కంపెనీ ఆ పేర్ల జాబితా నాకు పంపుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నావి. జాబితాలో ఎన్ని పేర్లుంటే నాకు అంత కమీషను. పదకొండేళ్లుగా ఇదే బతుకు. నా నడుం నొప్పి బస్సు సీట్లు ఇచ్చిందే.

గుడుపల్లె దగ్గర ఒకాయన మా కంపెనీ అప్పుతో కొన్న లగేజీ ఆటోలో పాల క్యాన్లు తోలుతాడు. ఆయన పేరు వరుసగా రెండు నెలలు వచ్చింది. మూడోసారి కూడా వస్తే ఆటోను పట్టుకుపోవాలని కంపెనీ కొత్త నిబంధన. నేను వెళ్లిన ప్రతిసారీ ఖాతాలో ఏమన్నా ఉంటే తీసి, తక్కువైంది కలిపి నా చేతికే ఇచ్చేవాడు. ఇస్తూ తిట్టేవాడు.

"నాలుగో తేదీనే వేసినానప్పా. యాల తిరిగొస్తాది? మీరూ బ్యాంకోళ్లూ కలిసి ఆడే నాటకం ఇది."

నాటకమన్న మాట నేను మరచిపోలేదు. అయినా పాస్‌బుక్కు అచ్చు వేయించుకు రమ్మన్నాను. అందులో చూస్తే తెలిసింది. ఆయన కంతు ఎంతో అంతే వేస్తాడు, రూపాయి ఎక్కువ వేయడు. మొదటి నెల ఒక్కరోజు ఆలస్యమై కంతు తిరిగింది, ఆ డబ్బు నా చేతికే ఇచ్చాడు. అందుకు బ్యాంకు జరిమానా రాసింది. ఖాతా ఖాళీ కనుక ఆగి, మరుసటి నెల డబ్బు పడగానే ముందు దాన్ని కోసుకుంది. కంతుకు తక్కువైంది. మళ్లీ తిరిగింది, మళ్లీ జరిమానా.

"ఈసారి జరిమానాకని ఆరునూర్లు ఎక్కువెయ్యి. బండి నీ దగ్గరే నిలబడతాది" అన్నాను.

"వెయ్యను. ఒకసారి నూటాయాబై మిగిలిస్తే ఇన్సూరెన్సని నాకు చెప్పకుండా కోసినారు. ఆ ఖాతాలో మిగల్చడం ఎలక బొక్కలో వడ్లు పోసినట్లే."

విషయమంతా చెప్పి, బండి పట్టుకోవద్దని కంపెనీకి అర్జీ రాశాను. పుంగనూరు బస్టాండు దగ్గర జిరాక్సు తీస్తూ అంగడి సాయిబు నవ్వాడు.

"మళ్లీ అర్జీనా అన్నా? పది కాపీలు తీసుకో. ఒకటన్నా ఎవరన్నా సదువుతారు."

మదనపల్లె ఆఫీసులో మేనేజరు నన్ను కూర్చోమనలేదు. సగం చదివాడు. అంతలో ఫోను వస్తే నా అర్జీ తిరగేసి దాని వెనక ఎవరిదో నంబరు రాసుకున్నాడు. ఫోను పెట్టేశాక అన్నాడు:

"కంతులు తిరిగిరాకపోతే నీకు కమీషను యాడినుంచి వస్తాదయ్యా? పాలోడి బండితో నీకేం పని?"

అది నిజమే. నిజమైనందుకే ఎక్కువ గుచ్చుకుంది. నంబరు రాసిన ఆ కాగితం నాకిచ్చేయమని అడిగి తీసుకున్నాను. ఇప్పటికీ ఇంట్లో ఉంది.

నాలుగో తేదీన కుప్పం వెళ్లి ఆయన ఖాతాలో నా డబ్బు ఆరువందలు వేసి వచ్చాను. జాలితో వేశానని చెప్పను. ఆ మేనేజరు చేతికి బండి పోకూడదు, అంతే. జరిమానా పోయింది, కంతు పోయింది. ఆ నెల జాబితాలో ఆయన పేరు రాలేదు. ఆ పేరు మీద నా కమీషనూ రాలేదు.

వారం తర్వాత వేరే వసూలుకు గుడుపల్లె వెళ్తే, పాస్‌బుక్కులో నా పేరు చూశాడట, పాల కేంద్రం ముందు ఎదురుపడి అందరిలో అడిగాడు.

"నన్నడక్కుండా నా ఖాతాలో డబ్బులేసేదానికి నువ్వెవరప్పా? నేనేమన్నా అడుక్కుంటాండానా?"

ఆయన పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్లి ఆరువందలు తెచ్చి నా జేబులో పెట్టాడు.

ఎండలో బస్సు కోసం నిలబడితే ఆయన ఆటో ఖాళీ క్యాన్లతో వచ్చి నా ముందు ఆగింది.

"ఎక్కప్పా, కుప్పంలో దించుతా. బండి నిలబెట్టినోడివి, ఎండలో నిలబడతావా?"

అందరిలో ఆ మాట అన్నాక ఎలా ఎక్కుతాను? బస్సు వస్తుందన్నాను. ఆయన పోయాడు. బస్సు ఇంకో ముప్పావుగంటకు వచ్చింది.