గోడంత ఫ్లెక్సీలో నా పుట్టినరోజు

మా బంధువుల భూగోళశాస్త్రంలో సముద్రం దాటితే అది విదేశమే. అందుకే నేను అండమాన్‌లో ఏడాదిపాటు జీతం లేకుండా తెలుగు చెప్పడానికి వెళ్తున్నానని తెలియగానే, మా పెద్దమ్మ తన అపార్ట్‌మెంట్‌లో అందరికీ నేను ఫారిన్‌లో టీచరునైనట్టు ప్రకటించింది. నేను సరిదిద్దలేదు. నలభై ఏళ్లు నిండబోతున్న మనిషి గురించి జనం ఏదో ఒకటి గొప్పగా చెప్పుకుంటుంటే అడ్డుపడటం మర్యాద కాదు.

అంతకుముందు పదిహేనేళ్లు విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. నాలుగు జవాబుల్లో మూడు ఎలా కొట్టేయాలో నేర్పడం నా విద్య. ఒకరోజు హఠాత్తుగా మాతృభాషకు సేవ చేయాలనిపించింది. భాషను సంప్రదించలేదనుకోండి. అక్కడి తెలుగు పిల్లలకు మాట వచ్చుగానీ అక్షరం రాదని ఎవరో చెబితే విని, పెట్టె సర్దుకుని పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను.

డాలీగంజ్‌లో ఒక ఇంటి మేడ మీద గది దొరికింది. ఆ ఇంటావిడ అక్కడే పుట్టి పెరిగింది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. వయసు యాభై పైనే, హార్బర్ ఆఫీసులో ఉద్యోగం. అందరూ ఆమెను దీదీ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె నన్ను టీచర్ అనేది.

శని, ఆది, మంగళవారాల్లో మధ్యాహ్నం మూడింటికి, అక్కడి తెలుగు సంఘం వారి హాల్లో నా క్లాసు. మొదటి రోజు ఇరవై రెండు మంది వచ్చారు. నేను ఎంత బాగా చెబుతానో తెలిశాక తొమ్మిదిమంది మిగిలారు. అందులో దీదీ ఒకరు. చదువు మీద ఆసక్తితో కాదని ముందే చెప్పేసింది. "ఆ హాల్లో పంఖా బాగా తిరుగుద్ది టీచర్. ఇంట్లోది అసలు హవా ఇవ్వదు." నాలుగు నెలలు గడిచినా మేం గుణింతాలు దాటి, అమ్మ, అక్క, అన్నం దగ్గరే తిరుగుతున్నాం. వాచకంలో బొమ్మ చూసి కింద పదం ఊహించడంలో మాత్రం అందరూ ఆరితేరారు. 'పిల్లి' అని రాసి ఉంటే హాయిగా 'బిల్లీ' అని చదివేవారు.

ఇలాంటి రోజుల్లో నా నలభయ్యో పుట్టినరోజు వచ్చింది. ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా అందరికీ తెలియాలని అంతకంటే గట్టిగా అనుకున్నాను. ముందురోజు దీదీని రెండుసార్లు అడిగాను, "రేపు ఏం రోజు దీదీ?" అని.

"శనివారం. చేపల బజారుకి ఎల్లాల," అంది ఆవిడ.

తెల్లారగానే పెద్దమ్మ ఫోన్ చేసి ఆశీర్వదించింది. "అక్కడ ఇప్పుడు టైమెంతే?" అని అడిగింది.

"నీ దగ్గర ఎంతో ఇక్కడా అంతే పెద్దమ్మా."

"మరి అంత దూరం పోయి ఏం లాభం?" అంది. నా సేవ గురించి అంతవరకూ ఎవరూ అంత సూటిగా అడగలేదు.

మధ్యాహ్నం కొత్త చీర కట్టుకుని, ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని కాస్త నెమ్మదిగా మెట్లు దిగాను. ఎవరూ అడగలేదు. హాలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా గోడ కనిపించలేదు. గోడంతా ఫ్లెక్సీ.

ఇది సంఘం కార్యదర్శిగారి పని. ఆయనకు బజార్లో హార్డ్‌వేర్ షాపుంది, తెలుగంటే ప్రాణం. ఆ ప్రాణం మైకు దగ్గర ఉన్నప్పుడే కొట్టుకుంటుంది. నేను చేరినప్పుడు నింపిన ఫారంలో పుట్టిన తేదీ చూసి గుర్తుంచుకున్నారట. ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తున చేతులు జోడించి ఉన్నారు. కింద మూలన, పాస్‌పోర్టు ఫొటోలో, పోలీసులు వెతుకుతున్న మనిషిలా నేను. మధ్యలో ఎర్రటి పెద్ద అక్షరాలు: 'మన టీచర్ గారికి పట్టిన రోజు శుభాకాంక్షలు.'

నాకేం పట్టిందో రాయలేదు. శని కావచ్చు, వారం కూడా అదే.

భాషకు సేవ చేయడానికి వచ్చినదాన్నే అయినా, ఆ సమయంలో నా ఒంటి మీద దళసరి శాలువా కప్పుతున్నారు. ఆ ఉక్కలో శాలువా కప్పించుకున్నవాళ్లకు అక్షరదోషాలు పెద్దగా కనిపించవు. తర్వాత కార్యదర్శిగారు తెలుగు గొప్పతనం మీద ముప్పావుగంట మాట్లాడారు. ఎక్కువభాగం హిందీలోనే. "మన తెలుగు బహుత్ మీఠీ భాషా హై. దీన్ని మనం బచాయించుకోవాలి" అన్నప్పుడు చప్పట్లు కూడా పడ్డాయి.

నా విద్యార్థులు వెనక వరసలో కూర్చున్నారు. దీదీ పెదవులు కదులుతున్నాయి. చూపుడువేలుతో గాలిలో ఏదో గీస్తోంది. చేపలు ఎలా వండాలో ఆలోచిస్తోందనుకున్నాను. ఇంతలో ఆవిడ లేచి నిలబడింది.

"సెక్రటరీ సాబ్, ఏక్ మినిట్. అక్కడ గలత్ రాసీసినారు."

ఆయన మైకు దించకుండానే, "ఎక్కడ దీదీ?" అన్నారు.

"పుట్టిన అని కదా రాయాల. 'ప'కి కొమ్ము లేదు. పట్టిన అని ఉంది."

ఆయన వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వైపు చూశారు. చాలాసేపు చూశారు. చూస్తున్నది మాత్రం చివరి మాట వైపు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ హాలుకి పెద్ద అయిన ఆయనకూ అక్షరాలు రావని. "ప్రింటింగ్ మిస్టేక్. ఆపరేటర్‌కి తెలుగు తెలీదు," అన్నారాయన మెల్లగా.

వెనక వరసలో అప్పటికే గొడవ మొదలైంది. తొమ్మిదో తరగతి అమ్మాయొకతి గట్టిగా చదివింది: "ప... ట్టి... న. పట్టిన మత్లబ్ పకడా హువా కదా?" పక్కనున్నామె, "అంటే టీచర్‌ని పట్టుకున్న రోజు," అని తేల్చింది. హాలంతా నవ్వింది.

నేను సంఘం పరువు కాపాడి ఉండాల్సింది. కానీ, "మొత్తం చదువు దీదీ," అన్నాను.

ఆవిడ చదివింది. 'మన' సునాయాసంగా, 'టీచర్' కాస్త ఆగి, 'గారికి' ధీమాగా. "శు... భా... కాం..." దగ్గర ఆగిపోయింది. "ఇక్కడ ఏదో జంతువులాగున్నాది టీచర్. దీన్ని మనం ఇంకా సెప్పుకోలేదు," అంది తప్పు నాదన్నట్టు. తప్పు నాదే. 'క్ష' దాకా నేను రాలేదు.

పదిహేనేళ్లలో నా విద్యార్థులు ర్యాంకులు తెచ్చుకుని ఎన్నో ఫ్లెక్సీల మీదికి ఎక్కారు. ఫ్లెక్సీని చదివినవాళ్లను చూడటం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. శాలువా వల్ల పట్టిన చెమట అని అక్కడివాళ్లకు చెప్పాను.

కేకు మీద ఇంగ్లీషులో రాయించడంతో అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు. ఇంటికి నడుస్తుంటే దీదీకి గర్వం లేదు సరికదా, కోపంగా ఉంది.

"జనమ్‌దిన్ అని నాకెందుకు సెప్పలేదు?"

"నిన్న రెండుసార్లు అడిగాను కదా, రేపు ఏం రోజని."

"అలగ అడిగితే శనివారం అనక ఏటంటాను? సీదా సెప్పాల," అని, బజారు నుంచి తెచ్చిన చేపల్లో పెద్ద ముక్కలన్నీ నా కంచంలోనే వేసింది. తినేవరకూ ఎదురుగానే కూర్చుంది.

మంగళవారం క్లాసుకి కార్యదర్శిగారు వచ్చారు. న్యూస్‌పేపరు మడతలో నోటుబుక్కు పెట్టుకుని, తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. "క్లాసు ఎలా నడుస్తోందో ఇన్‌స్పెక్షన్ చేద్దామని," అన్నారు. దీదీ తన పెన్సిల్ ఆయన వైపు జరిపింది. నేను బోర్డు తుడిచి, తొమ్మిదిమంది సణుగుతున్నా వినకుండా, మళ్లీ 'అ' నుంచి మొదలుపెట్టాను.

తర్వాతి క్లాసుకీ ఆయన ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. ఆ తర్వాతి దానికీ. నేను తిరిగి వచ్చేసేదాకా ఒక్కరోజు కూడా మానలేదు. సంఘం చరిత్రలో అంత శ్రద్ధగా తనిఖీ చేసిన కార్యదర్శి మరొకరు లేరట. ఆ మాట కూడా ఆయనే చెప్పారు.