ఆ విమానం దిగేదాకా

నా చిన్నప్పుడు కొందరు పిల్లలకు చీకటంటే భయం, కొందరికి కుక్కలంటే భయం. నాకు మాత్రం తలెత్తితే కనిపించే విమానమంటే భయం. అప్పుడు మేము అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. నేను ఫస్ట్ గ్రేడ్‌లో ఉండగా ఒక సెప్టెంబరు ఉదయం అమ్మ స్కూలుకు వచ్చి నన్ను క్లాసు మధ్యలోనే ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో టీవీ నడుస్తూనే ఉంది. అమ్మ పరుగెత్తుకెళ్ళి దాన్ని ఆపేలోపే, ఒక విమానం పోయి ఎత్తైన మేడను ఢీకొట్టడం నేను చూసేశాను. ఆ తర్వాత మా ఇంటి మీదుగా ఏ విమానం వెళ్ళినా, అది ఎదురింటి కప్పు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. "ఏం కాదు కన్నా" అనేవాడు నాన్న. ఆయన ఏం కాదని అన్న ప్రతిసారీ, ఏదో అయ్యేలాగే ఉందని నాకు అనిపించేది.

అలాంటి ఇంటికి రెండేళ్ళ తర్వాత మా అమ్మమ్మ వచ్చింది. తమ్ముడు పుట్టాడని, అమ్మకు సాయంగా ఉందామని వచ్చింది. చేతిసంచిలో చీరల మధ్య చుట్టి పెట్టుకున్న బైనాక్యులర్స్ తీసినప్పుడు మేమంతా ఆశ్చర్యపోయాం. సికింద్రాబాద్ శివార్లలో అమ్మమ్మ పుట్టిన ఇంటికి దగ్గరలోనే, కుర్రాళ్ళకు యుద్ధ విమానాలు నడపడం నేర్పే మైదానం ఉండేదట. చిన్నప్పటినుంచీ డాబా మీద నిలబడి వాటిని చూడటమే ఆమెకు సరదా. మా పెరట్లో కుర్చీ వేసుకుని మెడ వెనక్కి వాల్చి గంటలు గంటలు కూర్చునేది. ప్రయాణికుల విమానం వెళ్తే మాత్రం బైనాక్యులర్స్ ఎత్తేది కాదు. "ఇవి బస్సులు బిడ్డా. బస్సులను ఏం జూస్తం?" అనేది.

ఎయిర్‌షో జరుగుతుందని నాన్న చెప్పగానే అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. నేను రానని ఏడ్చాను. కానీ చంటిపిల్లాడితో అమ్మకు నన్ను చూసుకోవడం కుదరలేదు. అలా నాన్న, అమ్మమ్మ, నేను ముగ్గురం బయలుదేరాం.

కార్లన్నీ పెద్ద గడ్డి మైదానంలో ఆపించారు. అక్కడినుంచి జనంతో పాటు నడిచాం. చీర కింద తెల్ల స్పోర్ట్స్ షూస్ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, నిలబెట్టి ఉన్న ఒక్కో యుద్ధ విమానం చుట్టూ అమ్మమ్మ ప్రదక్షిణం చేసినట్టు తిరిగింది. నేను ఆమె కొంగు చివర వదల్లేదు. తర్వాత జెట్‌లు లేచాయి. చెవులు మూసుకుంటే సరిపోతుందనుకున్నాను. కానీ ఆ శబ్దం చెవులనుంచి రాలేదు, కాళ్ళ కింద నేలలోంచి పక్కటెముకల్లోకి ఎక్కింది. కొంగు లోపల దూరి కళ్ళు మూసుకున్నాను. కొంగు అవతల జనం అరుస్తుంటే వాళ్ళు సంతోషంతో అరుస్తున్నారో భయంతో అరుస్తున్నారో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం పాత కాలపు విమానాల వంతు వచ్చింది. ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరినవి, ముక్కు దగ్గర పంకా తిరిగేవి. వాటి చప్పుడు కాస్త మెత్తగా ఉంది. ఆ ధైర్యంతో కొంగులోంచి తల బయటపెట్టాను. ముదురాకుపచ్చ రంగు విమానం ఒకటి రెండు పల్టీలు కొట్టి, దిగడానికి వచ్చింది. దాని పొట్ట కింద ఒక చక్రం వేలాడుతోంది. రెండోది లేదు.

విమానం నేలను తాకకుండానే మళ్ళీ పైకి లేచిపోయింది. అప్పటిదాకా మైకులో జోకులు వేస్తున్న మనిషి గొంతు మారిపోయింది. జనానికి అడ్డంగా కట్టిన తాడుకు దూరంగా అందరినీ వెనక్కి జరగమన్నాడు. పాటలు ఆపేశారు. అంతమంది ఉన్న మైదానంలో ఒక్కసారిగా ఆ ఒక్క ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫైరింజన్లు వచ్చి రన్‌వే పక్కన బారులు తీరాయి. ఆ విమానం మా తలల మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఒకసారి పైకి లేచి, గట్టిగా కుదుపుకుంది, ఇరుక్కున్న చక్రాన్ని విదిలించి కిందికి దించాలన్నట్టు. చక్రం రాలేదు.

మా పక్కనున్న కుటుంబం కుర్చీలు మడిచేసింది. నాన్న నన్ను ఎత్తుకున్నాడు. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"అత్తయ్యా, పదండి వెళ్ళిపోదాం. పిల్ల భయపడుతోంది."

అమ్మమ్మ బైనాక్యులర్స్ దించలేదు. "మీరు పోయి కారు కాడ ఉండుండ్రి అల్లుడూ. ఆయన దిగినంక నేనొస్త."

ఆమెను ఒంటరిగా వదిలి నాన్న ఎలా వెళ్తాడు? నా వీపు నిమురుతూ, "ఏం కాదు కన్నా. ఇట్స్ పార్ట్ ఆఫ్ ద షో" అన్నాడు. ఆయన గుండె నా చెంపకు కొట్టుకుంటోంది. అది షోలో భాగం కాదని నాకు తెలుసు. ఆయన మీదినుంచి జారి కిందికి దిగిపోయాను. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగాను.

"అమ్మమ్మా, హి ఈజ్ గోయింగ్ టు ఫాల్? పడిపోతాడా?"

అమ్మమ్మ అప్పుడు బైనాక్యులర్స్ దించింది. మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ నా ఎత్తుకు వంగి కూర్చుంది. "నాకు తెల్వదు బిడ్డా" అంది.

నేను బిత్తరపోయాను. పెద్దవాళ్ళెవరూ నాతో అంతవరకు ఆ మాట అనలేదు.

"పడొచ్చు. మంచిగ దిగొచ్చు. నడిపెటాయన మస్తు నేర్చుకున్నోడే. కింద ఇంతమంది తయారుగ ఉన్నరు. గని ఏమైతదో నాకు తెల్వదు."

"నాకు భయం అవుతోంది."

"నాకు గూడ అయితుంది."

"మరి ఎందుకు చూస్తున్నావ్?"

"ఆయన పైన ఒక్కడే ఉన్నడు గద. దిగేదాక మనం ఈడనే ఉందాం. నువ్వు చూడలేకపోతే కండ్లు మూసుకో. నేనేం జూస్తే అది నీకు చెప్త. ఒక్క ముక్క గూడ దాచ."

కళ్ళు మూసుకుని ఆమె నడుము చుట్టూ చేతులు వేశాను. భయం తగ్గలేదు. కానీ ఇందాకటిదాకా నాలో నేనే వేసుకుంటున్న బొమ్మలు ఆగిపోయాయి. అమ్మమ్మ చెప్పింది మాత్రమే కనిపించసాగింది. "ఇంకా తిరుగుతున్నడు." చాలాసేపు అదే మాట. తర్వాత, "ఆ ఒక్క చక్రం గూడ లోపలికి తీసుకున్నడు. పొట్ట మీదనే దించుతడు కావచ్చు." ఆమె గొంతు వణుకుతోంది. వణుకుతూనే చెబుతోంది. "మలుపుకున్నడు. ఇటే వస్తున్నడు. కిందికొచ్చిండు. ఇంకా కిందికి..."

అక్కడ ఆమె గొంతు ఆగిపోయింది. నేను కళ్ళు తెరిచాను.

విమానం రన్‌వే పక్కనున్న పచ్చగడ్డి మీదికి నెమ్మదిగా వంగుతోంది. ముక్కు దగ్గరి పంకా నేలను తాకి వంకరలు తిరిగిపోయింది. ఇనుమును ఇనుముతో గీరినట్టు ఒక అరుపు వినిపించింది. మట్టి, గడ్డి పెళ్ళలుగా లేచాయి. విమానం పొట్టతో దున్నుకుంటూ పోయి, పక్కకు తిరిగి, ఆగింది. దుమ్ము కమ్మేసింది. ఫైరింజన్లు అటు దూసుకుపోయాయి. అమ్మమ్మ గోళ్ళు నా భుజంలో దిగుతున్నాయి. దుమ్ములో మంట కోసం వెతికాను నేను. మంట లేదు. మనిషి కూడా కనిపించలేదు.

అప్పుడు పైనున్న అద్దం మూత వెనక్కి జరిగింది. ఒక మనిషి బయటికి వచ్చి రెక్క మీద నిలబడి, తలమీది హెల్మెట్ తీశాడు. తెల్లజుట్టు ఆయన. రెండడుగులు వెయ్యబోయి ఆ రెక్క మీదే కూలబడిపోయాడు. కూర్చునే మాకందరికీ చెయ్యి ఊపాడు. జనం పెట్టిన కేకలకు మైదానం దద్దరిల్లింది. అమ్మమ్మ చప్పట్లు కొట్టలేదు. గడ్డిలో చతికిలబడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు కార్లు కదలక చాలాసేపు ఆగిపోయాం. అప్పుడు చెప్పింది అమ్మమ్మ. తనకు నా అంత వయసున్నప్పుడు, వాళ్ళ ఇంటికి దూరంగా పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలిపోయిందట. డాబా మీదినుంచి పొగ కళ్ళారా చూసిందట. ఇంట్లోవాళ్ళు మాత్రం, "ఏం గాలే, ఎవరో గడ్డి కాలవెడుతున్నరు, నువ్వు లోపటికి పో" అన్నారట. "మస్తు దినాలు నా కండ్లను నేనే నమ్మలే బిడ్డా. అన్నం దినేటప్పుడు గూడ పొగనే కనవడేది" అంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా రోజూ డాబా ఎక్కి, లేచిన విమానం దిగేదాకా కాచుకుని ఉండేదట. క్షేమంగా దిగినవాటిని చూసీ చూసీ వాటిమీద ప్రేమ పుట్టిందట.

నాన్న ఇంజను ఆపేశాడు. తర్వాత అద్దంలో నావైపు చూసి, "సారీ కన్నా. నాకూ చాలా భయమేసింది" అన్నాడు. ఆ మాటతో నాన్న నాకు ఎంతో దగ్గరగా వచ్చినట్టనిపించింది.

ఆ ఒక్క రోజుతో నా భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ విమానం తక్కువ ఎత్తులో వెళ్తే నా వీపు బిగుసుకుంటుంది. కానీ భయపడేవాళ్ళకు అబద్ధపు ధైర్యం కన్నా తోడు ముఖ్యమని ఆ మైదానంలోనే తెలుసుకున్నాను. అమ్మమ్మ ఇప్పుడు లేదు. కిందటేడు నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదు కదా?" అని అడిగాడు. ఏం కాదన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "నాకు తెలియదు నాన్నా. డాక్టర్లు మంచివాళ్ళు. మీరు బయటికి వచ్చేదాకా నేను ఎక్కడికీ వెళ్ళను" అన్నాను. నాన్న ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తల ఆడించి, నా చెయ్యి తనే వదిలాడు.

సాయంత్రం మెలకువ వచ్చాక, కళ్ళు పూర్తిగా తెరవకముందే ఆయన అడిగిన మొదటి మాట, "ఉన్నావా?" అని.

ఉన్నాను.