లాకుల బంగళా ముందు మెట్లు

మా లాకుల దగ్గర కాలవగట్టు మీద ఉన్న బంగళాను విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషు ఇంజనీర్ల కోసం కట్టారు. గుండ్రటి స్తంభాల వరండా, నిలువెత్తుకు రెండింతల తలుపులు, ముందు వెడల్పాటి రాతిమెట్లు. దాన్ని కూలగొడుతున్నారని తెలియగానే అందరికీ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అమలాపురం నుంచి కార్లలో వచ్చి, ఆ మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగి, "ఆ రోజుల్లో పనితనమే వేరండీ" అని నిట్టూర్చి వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే మా అమ్మ ఆ బంగళా ఊడ్చి తుడిచే మనిషి. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మోకాళ్లు అరిగేదాకా ఆ మెట్లు కడిగింది. పైమెట్టు దగ్గర మొదలుపెట్టి కడుక్కుంటూ కిందికి దిగేది. మళ్లీ ఎక్కకూడదు. చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచే లోపలికి వెళ్లాలి. దొరలు పెట్టిన పద్ధతట. దొరలు పోయి మన ఆఫీసర్లు వచ్చినా ఆ పద్ధతి పోలేదు. చిన్నప్పుడొకసారి నేను ముందునుంచి ఎక్కబోతే వీపు విమానం మోత మోగించింది ఏ ఆఫీసరో కాదు, మా అమ్మే.

కూలగొట్టేలోగా ఆవిడ చేత ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కించాలని నాకు పంతం పట్టింది.

"బంగళా కండెం చేసేరంట కదే," అంది అమ్మ. పనికిరాదని సర్కారు తేల్చేసిన కట్టడాన్ని మావైపు అలాగే అంటారు.

"చేసేరమ్మా. ఇప్పుడు ఎవరైనా ఎక్కొచ్చు, పద," అని ఆటోలో తీసుకెళ్లాను.

కూల్చే పని చూస్తున్న మేస్త్రి మర్యాదగానే పలకరించాడు. "ఆయ్, రండమ్మా. ముందువైపు ఇంకా ముట్టుకోలేదండి, చూసుకోండి."

తలుపులు ఊడదీసేసిన ముందు గుమ్మం బార్లా తెరిచి ఉంది. ఆటో అబ్బాయిని కాసేపు ఆగమని చెప్పి వెనక్కి తిరిగేసరికి అమ్మ పక్కన లేదు. చుట్టూ తిరిగి వెతుక్కుంటూ వెళ్లాను. వెనక గోడ అప్పటికే కూలిపోయింది. గుమ్మం ఉన్నచోట ఇటుకల గుట్ట. దాని ముందు చెప్పులు విడిచి నిలబడి ఉంది అమ్మ.

"ముందునుంచి రావే అమ్మా, అడిగేవాళ్లెవరూ లేరు!" అని చెయ్యి పట్టుకుని లాగాను. నాకు ఏడుపొచ్చేస్తోంది.

అమ్మ చెయ్యి విడిపించుకుని చెప్పులు వేసుకుంది.

"దారి మూసేసేరే. ఇంకెలా వెళ్తాం? ఇంటికి పోదాం పద."